ఎల్100 సెంచరీ స్పీకర్లను హైదరాబాద్‌లో అమ్మడం: వస్తువు, మార్కెట్, మరమ్మతు సేవల సమీక్ష

మా పెదనాన్నగారు కువైట్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో కొని, 1979లో తిరిగి వచ్చేటప్పుడు సామానుతో పాటు ఓడలో వేయించుకుని తెచ్చుకున్న జేబీఎల్ ఎల్100 సెంచరీ స్పీకర్ల జతను ఇటీవల హైదరాబాద్‌లో అమ్మాము. విద్యానగర్‌లోని సొంత ఇల్లు వదిలి కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాట్‌కి మారవలసి రావడం, ఆ ఫ్లాట్ హాలులో సోఫా వేస్తే ఈ పెట్టెలకు చోటు మిగలకపోవడం వల్ల ఆయన మనసు గట్టి చేసుకుని అమ్మే బాధ్యతను నాకు అప్పగించారు. పని పూర్తయ్యేసరికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో పాత సామాను కొనేవారిని, ఆన్‌లైన్ ప్రకటనలను, కోఠిలోని మరమ్మతు పనివాళ్లను, చివరికి నిజంగా సంగీతం వినే కొనుగోలుదారులను దగ్గరగా చూశాను. ఇటువంటి పెద్ద పాత స్పీకర్లు మన ఊళ్లో చాలా ఇళ్లలో దుప్పటి కప్పుకుని ఉన్నాయి కనుక, వాటిని అమ్మదలచినవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ వస్తువుకు ఫొటో చూసి ఎవరూ సరైన ధర ఇవ్వరు. అది మోగుతూ ఉండాలి, కొనేవారు మన ఇంట్లో కూర్చుని వినాలి. మాకు మంచి ధర వచ్చిందంటే కారణం ఆ ఒక్కటే.

ముందుగా వస్తువు గురించి. జేమ్స్ బి. లాన్సింగ్ 1946లో స్థాపించిన సంస్థ జేబీఎల్. ఆ సంస్థ స్టూడియోల కోసం 4310 అనే మానిటర్ స్పీకర్‌ను తయారు చేసి, దాని రూపాన్నే ఇళ్లకు తగినట్టు మార్చి 1970లో ఎల్100 సెంచరీగా విడుదల చేసింది. రికార్డింగ్ స్టూడియోలో ఇంజనీరు వినే శబ్దాన్నే ఇంటి హాలులోకి తెచ్చామన్న ప్రచారం బాగా పనిచేసి, ఆ దశాబ్దంలో బాగా అమ్ముడైన పెద్ద స్పీకర్లలో ఇది ఒకటిగా నిలిచింది. వాల్‌నట్ వెనీర్ (పలుచని చెక్క పొర) వేసిన పెట్టె ఎత్తు సుమారు రెండు అడుగులు. ముందు భాగంలో మంద్ర స్వరాలకు తెల్లటి కోన్ (కదిలి శబ్దం పుట్టించే గరాటు ఆకారపు పొర) ఉన్న 12 అంగుళాల వూఫర్, మధ్య స్వరాలకు 5 అంగుళాల మిడ్, పై స్వరాలకు చిన్న కాగితపు కోన్‌తో ట్వీటర్ ఉంటాయి. వాటి ముందు చిన్న చిన్న చతురస్రాలు ఉబ్బి కనిపించే ఫోమ్ గ్రిల్ ఉంటుంది. నారింజ, నీలం వంటి రంగుల్లో వచ్చిన ఆ గ్రిల్‌ను చూసే చాలామంది ఈ మోడల్‌ను గుర్తుపడతారు. మాది నారింజ రంగు. 2018లో అదే సంస్థ అదే రూపంతో ఎల్100 క్లాసిక్ పేరిట కొత్త మోడల్‌ను తెచ్చింది. ఆ తర్వాతే మా ఇంటికి వచ్చే కుర్రవాళ్లు పెదనాన్నగారి పాత పెట్టెలను చూసి ఆగి అడగడం మొదలుపెట్టారు.

శబ్దం విషయానికి వస్తే, నిజాయితీగా చెప్పవలసినది ఒకటుంది. ఇది అన్ని స్వరాలనూ సమానంగా, నెమ్మదిగా వినిపించే స్పీకర్ కాదు. గొంతును, తంత్రీవాద్యాలను కొంచెం ముందుకు నెట్టి వినిపిస్తుంది. ఈమని శంకరశాస్త్రి వీణ రికార్డు పెడితే మీటు తగిలిన క్షణం విడిగా తెలుస్తుంది. మృదంగం ఎడమ వైపు దెబ్బ చెవికి మాత్రమే కాక, కూర్చున్న కుర్చీ చేతికి కూడా అందుతుంది. గంటల తరబడి పెద్ద శబ్దంతో వింటే మాత్రం కొందరికి చెవులు అలసిపోతాయి. వూఫర్‌కు పై స్వరాలను ఆపే కాయిల్ క్రాస్ఓవర్‌లో (స్వరాలను వూఫర్, మిడ్, ట్వీటర్లకు పంచే సర్క్యూట్‌లో) లేకపోవడం, అది తన సహజమైన హద్దు వరకూ పాడుతూ పోవడం ఆ ముందుకు వచ్చే స్వభావానికి ఒక కారణం. అమ్మేవారు ఈ సంగతి దాచనక్కరలేదు. ఈ జత కోసం వెతికేవారు ఆ స్వభావం కోసమే వెతుకుతారు.

ఇక వయసు తెచ్చే లోపాలు. మొదటిది గ్రిల్. ఆనాటి ఫోమ్ ఏదైనా గాలిలోని తేమకు, వెలుగుకు ఏళ్ల తరబడి లోనై పొడిగా రాలిపోతుంది. మా నారింజ గ్రిల్‌ను పదేళ్ల క్రితమే వేలితో తాకితే జిగురుగా అంటుకునేది. తర్వాత రొట్టె పొడిలా రాలిపోతుంటే పెద్దమ్మగారు విసుగెత్తి ఊడ్చేసి, మిగిలిన చట్రాలను అటక మీద పెట్టించారు. రెండవది, చాలా పాత స్పీకర్లలో వూఫర్ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ సరౌండ్. అది కూడా ఇదే విధంగా చిరిగిపోతుంది, అటువంటి వూఫర్‌ను ఆ స్థితిలో మోగిస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగ చుట్ట) పక్కకు ఒరిగి రాసుకుని పాడవుతుంది. ఎల్100లో మాత్రం వూఫర్ సరౌండ్ మందు పూసిన బట్టతో చేసినది కనుక, యాభై ఏళ్లు దాటినా మా రెండు వూఫర్లూ చెక్కుచెదరలేదు. మీ ఇంట్లో ఉన్నది వేరే మోడల్ అయితే ముందుగా చూడవలసినది ఈ సరౌండే. వేలితో మెల్లగా తాకినప్పుడు అది పొడిగా రాలినా, పగుళ్లు కనిపించినా ఇక మోగించకండి. మూడవది, గ్రిల్ వెనుక ముందు పలక మీద ఉండే రెండు నాబ్‌లు. ఒకటి ప్రెజెన్స్, ఇంకొకటి బ్రిలియన్స్. మిడ్, ట్వీటర్ శబ్దాలను అవి తగ్గించి పెంచుతాయి. లోపల ఉన్న ఎల్-ప్యాడ్‌లు (నాబ్‌తో తిరిగి శబ్దాన్ని తగ్గించే భాగాలు) ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే వాటి తీగల మీద తుప్పు పట్టి, శబ్దం తెగిపోతుంది. మా జత ధరలో వచ్చిన తేడా అంతా ఈ మూడవ దానిలోనే దాగి ఉంది.

మొదట పిలిచినది పాత సామాను కొనే వ్యక్తిని. ఆయన పెట్టెను ఒక పక్కకు వంచి బరువు చూసి, రెండిటికీ కలిపి ఆరు వేలు అన్నారు. చెక్కకు, అయస్కాంతానికి కట్టిన ధర అది. ఆయన్ను తప్పుపట్టలేను, ఆయన వ్యాపారం అటువంటిది. రెండవది నగరంలో పాత ఆడియో సామగ్రి కొని అమ్మే ఒక దుకాణం. వారి మనిషి ఇంటికి వచ్చి, పది నిమిషాలు మాత్రమే ఉండి, ఫోన్‌లోని పాట ఒకటి పెట్టి, ఎడమ పెట్టె ట్వీటర్ దగ్గర చెవి ఆనించి, “ఇది పోయిందండీ, అసలు ట్వీటర్ దొరకదు, వేరేది వేయాలి” అని చెప్పి ఇరవై ఎనిమిది వేలు ఇస్తామన్నారు. రెండు ట్వీటర్లూ తీసి కొత్త రకం బిగించి అమ్ముతామని కూడా అన్నారు. నిజంగానే ఎడమ ట్వీటర్ మోగడం లేదు. పెదనాన్నగారు ఆ మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజే ఇచ్చేసి ఉంటే ఈ సమీక్ష ఇక్కడే ముగిసేది. ధర తక్కువ చెప్పినందుకు నేను బాధపడలేదు. వాడకం లేక మూగబోయిన భాగాన్ని పరీక్షించకుండానే చచ్చిపోయిందని తేల్చడం మాత్రం సేవలో లోపమనే చెప్పాలి. ఆ పెట్టెలో ఒక్క స్క్రూ విప్పడం గానీ, మీటర్ పెట్టడం గానీ, కనీసం నాబ్ ఒకసారి తిప్పి చూడడం గానీ వారు చేయలేదు.

ఇక్కడ కోఠి గుజరాతీ గల్లీ గురించి విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారంలో నేను మనసారా మెచ్చుకునే సేవ అక్కడే దొరికింది. ఆ ఇరుకు సందులో యాంప్లిఫయర్ బోర్డులు, హార్న్ డ్రైవర్లు, దండల్లా వేలాడే వైర్ల చుట్టలు, కొత్త కోన్‌ల దొంతరలు ఉన్న దుకాణాల మధ్య స్పీకర్లకు మళ్లీ కోన్ వేసేవారు, కాయిల్ చుట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లిళ్లకూ ఉత్సవాలకూ మోగించే పెద్ద సెట్ల మరమ్మతే వారికి ప్రధానమైన పని. పాత విదేశీ స్పీకర్ గురించి అడిగితే మొదటి రెండు దుకాణాల వారు కోన్ మార్చేద్దామన్నారు. మూడవ చోట అరవై దాటిన ఒక పెద్దాయన నా ఫోన్‌లోని ఫొటోను పెద్దది చేసి చూసి, “వెనకాల నంబర్ చదివారా?” అని అడిగారు. వూఫర్ మీద 123ఏ-1, ట్వీటర్ మీద ఎల్ఈ25 అని ఉన్నాయని చెప్పగానే, స్పీకర్లను కోఠికి తీసుకురావద్దని, తానే ఆదివారం ఇంటికి వస్తానని అన్నారు. ఇంటికి వచ్చినందుకు ఎనిమిది వందలు, పనికి విడిగా రుసుము అని ముందే చెప్పారు. బరువైన పెట్టెను ఆటోలో కుదుపుతూ తేవడం కంటే మనిషే రావడం మేలన్న ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

ఆయన చేసిన పనిని దగ్గరుండి చూశాను. వూఫర్ కోన్‌కు రెండు వైపులా నాలుగు వేళ్లు సమంగా ఆనించి, ఒక దారప్పోగంత లోపలికి నొక్కి, వదిలి, చెవి పెట్టి విన్నారు. వాయిస్ కాయిల్ రాసుకుంటుంటే గరగరమన్న చప్పుడు వస్తుందట. రాలేదు. తర్వాత స్క్రూలు విప్పి డ్రైవర్లను, అంటే వూఫర్, మిడ్, ట్వీటర్లను, ముందు వైపు నుంచే బయటికి తీసి, మల్టీమీటర్ తగిలించారు. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కు మీటర్‌లో ఎనిమిది కంటే తక్కువ, ఐదు నుంచి ఏడు మధ్య చూపించడం సహజమనీ, ముల్లు అసలు కదలకపోతేనే కాయిల్ తెగినట్టనీ నాకు వివరిస్తూ ట్వీటర్‌ను పరీక్షించారు. మోగని ఎడమ ట్వీటర్ కూడా కుడి దానిలాగే చూపించింది. అంటే ట్వీటర్ బతికే ఉంది. దోషం బ్రిలియన్స్ నాబ్ వెనుక ఉంది. ఎల్-ప్యాడ్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ముప్ఫై నలభై సార్లు తిప్పి, మళ్లీ కొట్టి, మళ్లీ తిప్పారు. తిరిగి వైర్లు కలిపి రేడియో పెట్టగానే మొదట చిరచిరమని, తర్వాత శుభ్రంగా ఎడమ ట్వీటర్ పలికింది. పెదనాన్నగారు కుర్చీలోంచి లేచి వెళ్లి, రెండు పెట్టెల మధ్యన నిలబడ్డారు. క్రాస్ఓవర్‌లోని కెపాసిటర్లను మార్చమంటారా అని నేను అడిగితే, “అమ్ముతున్నారు కదండీ, కొన్నవాళ్లు తమకు నచ్చినట్టు మార్చుకుంటారు, మీరు ముట్టుకోకండి, అసలు భాగాలు అసలుగా ఉంటేనే దీనికి విలువ” అన్నారు. తనకు దక్కగలిగిన పనిని తానే వద్దని చెప్పిన ఆ మాటకు నేను ఎంత మార్కులు వేసినా తక్కువే. మొత్తం రెండు వేల మూడు వందలు తీసుకున్నారు. ఇరవై ఎనిమిది వేల జత విలువ ఆ మధ్యాహ్నంతో పూర్తిగా మారిపోయింది.

అప్పటికి ప్రకటన సిద్ధం చేయడం మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో ఇటువంటి వస్తువులకు ప్రకటన ఇచ్చేవారు సాధారణంగా ముందు వైపు ఒక ఫొటో, ‘అరుదైనది, కొత్తదానిలా ఉంది’ అన్న మాట, ఒక పెద్ద అంకె పెట్టి ఊరుకుంటారు. కొనేవారు చూడాలనుకునేవి వేరు. వెనుక పలక మీది మోడల్ చీటీ, రెండు పెట్టెల సీరియల్ నంబర్లు, డ్రైవర్ల వెనుక నంబర్లు, సరౌండ్‌ను దగ్గర నుంచి తీసిన ఫొటో, పెట్టె మూలల్లో దెబ్బలు, వెనీర్ మీద పెద్దమ్మగారు ఒకప్పుడు పెట్టిన నీళ్ల గ్లాసు వదిలిన తెల్లని వలయం, వీటన్నిటినీ కిటికీ వెలుగులో ఫొటోలు తీసి పెట్టాను. గ్రిల్ లేదని, ఎల్-ప్యాడ్‌లు శుభ్రం చేయించామని, మరే భాగమూ మార్చలేదని రాశాను. వెనీర్ మీద మెరుగు పూయలేదు. వలయాన్ని గీకించుకోమని ఒకరు సలహా ఇచ్చారు కానీ, వెనీర్ పొర సన్ననిది, ఒక తప్పు గీతతో కింది చెక్క బయటపడుతుంది. ‘పంపడం కుదరదు, విద్యానగర్‌లో విని తీసుకెళ్లవలెను’ అన్న వాక్యాన్ని మొదటి వరుసలోనే పెట్టాను. బెంగళూరు నుంచి ఒకరు మంచి ధరకు అడిగినా ఒప్పుకోలేదు. ఒక్కొక్కటి ఇరవై కిలోలకు పైబడిన పెట్టెను చెక్క క్రేటులో బిగించకుండా రవాణాకు ఇవ్వడం సాహసం, క్రేటు చేయించినా దారిలో ఎవరైనా ఒక మూల మీద జారవిడిస్తే ఎవరినీ అడగడానికి ఉండదు.

ప్రకటన పెట్టిన మొదటి రోజునే ఒక ఫోన్ వచ్చింది. వస్తువు చూడకుండా, బేరం ఆడకుండా, తాను సైన్యంలో ఉన్నానని, బదిలీ అయిందని, డబ్బు వెంటనే పంపుతానని, బండి రేపు వస్తుందని అవతలి వ్యక్తి అన్నాడు. వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుందని చెప్పాడు. ఈ మోసం పాతదే అయినా పెద్దవారు ఇప్పటికీ దానిలో పడుతున్నారు కనుక స్పష్టంగా చెబుతాను: యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బే పోతుంది. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. నేను అతని నంబరును బ్లాక్ చేసి, ఆ విషయం అంతటితో వదిలేశాను.

రాసినవారు చాలామందే ఉన్నా, ఇంటికి వచ్చినవారు నలుగురు. మొదటి ఇద్దరు ఫొటోకు నచ్చి వచ్చి, పరిమాణం చూసి వెనక్కి తగ్గారు. మూడవ వ్యక్తి ఇంజనీరు, తెలివైనవాడు. వూఫర్ విప్పమని అడిగి, జేబులోంచి పెన్సిల్ సెల్ తీసి దాని తీగలను వూఫర్ టెర్మినళ్లకు తాకించాడు. ప్లస్ తీగ ఎర్ర టెర్మినల్‌కు తగలగానే కోన్ బయటికి రాకుండా లోపలికి కదిలింది. వెంటనే, “దీన్ని ఎవరో విప్పి, తలకిందులుగా కలిపారు” అన్నాడు. నాకు గుండె జారింది. అక్కడే కోఠి పెద్దాయనకు ఫోన్ చేస్తే, ఆనాటి జేబీఎల్ డ్రైవర్లకు సాధారణంగా అంతేనని, ఎర్ర టెర్మినల్‌కు ప్లస్ ఇస్తే కోన్ లోపలికే పోతుందని, మిగతా కంపెనీల పద్ధతికి అది వ్యతిరేకమని, కలపడంలో తప్పేమీ లేదని వివరించారు. వచ్చినతను విని, కుడి వూఫర్‌తో కూడా పరీక్షించి, ఒకేలా ఉండడం చూసి ఒప్పుకున్నాడు కానీ, ధర దగ్గర కుదరలేదు. ఆ వివరాన్ని ఆ రాత్రే ప్రకటనలో చేర్చాను. మీ దగ్గర పాత జేబీఎల్ ఉంటే మీరూ చేర్చండి, లేకపోతే ఎవరో ఒకరు ఈ కారణంతోనే ధర తగ్గించమంటారు.

నాలుగవవారు సైనిక్‌పురి నుంచి వచ్చిన దంపతులు. తమ రికార్డులు తామే తెచ్చుకున్నారు. వారు రావడానికి గంట ముందే యాంప్లిఫయర్ వేసి ఉంచాను, పెట్టెలను గోడ నుంచి జానెడు దూరం జరిపి, చెవి ఎత్తుకు వచ్చేలా చిన్న స్టూళ్ల మీద పెట్టాను. నేల మీద పెడితే బొంగురుగా వినిపించే మంద్రం, అలా పెట్టగానే స్పష్టంగా విడిపోయి వినిపిస్తుంది. ఈ మార్పుకు ఖర్చు లేదు కానీ, అమ్మకానికి ఇంత సాయపడే పని మరొకటి లేదు. ఆవిడ బాలమురళీకృష్ణ కచేరీ రికార్డు పెట్టమన్నారు. మొదటి వైపు పూర్తయ్యే వరకూ ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆవిడ లేచి, కుడి పెట్టెలో బ్రిలియన్స్ నాబ్‌ను కొంచెం తగ్గించి, మళ్లీ కూర్చుని, “ఇప్పుడు బాగుంది” అన్నారు. పెదనాన్నగారు కూడా ఎప్పుడూ ఆ నాబ్‌ను అంతకే తగ్గించి పెట్టుకునేవారు. ఆయన ముఖంలో ఆ క్షణాన కనిపించిన నిశ్చింతను చూసి, ఈ జత ఎవరికి ఇవ్వాలో నాకు తెలిసిపోయింది.

ధర ఒక లక్షా పది వేలకు కుదిరింది. ఇంకా పదిహేను వేలు పైన అడగవచ్చునని తెలిసినవారు కొందరన్నారు. గ్రిల్ లేదు, వెనీర్ మీద మచ్చ ఉంది, కొత్త ఫోమ్ వేయించుకోవడానికి వారికి ఖర్చు ఉంది కనుక నాకు ఇదే న్యాయంగా తోచింది. చెల్లింపు దగ్గర ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. వ్యక్తి నుంచి వ్యక్తికి యూపీఐలో సాధారణంగా రోజుకు లక్ష రూపాయలే పరిమితి. వారు లక్షను యూపీఐ ద్వారా పంపి, పది వేలు నగదుగా ఇచ్చారు. డబ్బు వచ్చినట్టు చూపించే స్క్రీన్ చిత్రాన్ని కాక, నా బ్యాంకు ఖాతాలోని నిల్వను తెరిచి చూసుకున్నాకే పెట్టెలను కదిలించాము. మోడల్, సీరియల్ నంబర్లు, తేదీ, మొత్తం రాసి ఇద్దరమూ సంతకాలు చేసిన కాగితం ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి ఉంచుకున్నాము.

రవాణాకు ట్రాలీ ఆటో పిలిపించాము. కింద పరుపు వేసి, రెండు పెట్టెలనూ నిలువుగా, ముందు భాగాలు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండేలా పెట్టి, మధ్యలో మందపాటి దుప్పటి మడిచి, తాడుతో బిగించాము. వూఫర్లకు నేరుగా తగిలేలా ఏదీ ఉంచవద్దని డ్రైవర్‌కు పెదనాన్నగారే దగ్గరుండి చెప్పారు. విద్యానగర్ నుంచి సైనిక్‌పురికి చేరేసరికి గంటకు పైగా పట్టింది. దారంతా వెనుక కారులో ఆ దంపతులు నెమ్మదిగా వచ్చారు.

ఒక్క పొరపాటు నాది. అటక మీది గ్రిల్ చట్రాల సంగతి ఆ హడావిడిలో మరచిపోయాను. ఫోమ్ రాలిపోయినా, కొత్త ఫోమ్‌ను అంటించడానికి ఆ చట్రాలే ఆధారం, పైగా అసలు బ్యాడ్జీ దాని మీదే ఉంటుంది. అవి లేకుండా జత అసంపూర్ణమే. ఆ సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి, స్పీకర్లు మోగుతున్నాయని చెబుతూ, చట్రాలు ఎక్కడైనా ఉన్నాయేమోనని మొహమాటంగా అడిగారు. మరునాడు నిచ్చెన వేసి వెతికితే, పాత క్యాలెండర్ల కింద రెండూ దొరికాయి. తుడిచి, వార్తాపత్రికలో చుట్టి, నేనే స్కూటర్ మీద తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను.